బొట్టు పెట్టిన బల్బు

నేను ఒక బల్బుని. ఇంట్లో నడి గదిలో దర్జాగా వేలాడే గుండ్రటి రకం కాదు. చిటికెన వేలిలో సగం పొడవుండే గాజు గొట్టాన్ని. రెండు చివరలా రెండు లోహపు టోపీలు, లోపల వెంట్రుకకన్నా సన్నటి తీగ, అంతే నా సంసారం. పాతకాలపు కారెక్కి ఎప్పుడైనా తల పైకెత్తి చూసి ఉంటే, కప్పుకి అతుక్కుని పాలరంగు మూతొకటి కనపడి ఉంటుంది. దాని వెనక కాపురం నాది. మీరు చూసి ఉండరు లెండి. కారెక్కినవాళ్లు అద్దంలో తమ మొహం చూసుకుంటారు, కిటికీలోంచి పక్కవాడి కారు చూస్తారు. నా అవసరం పడేది చెవిదిద్దు సీటు కింద పడినప్పుడే.

ప్రస్తుతం నా తీగ తెగిపోయింది. మీ లెక్కలో నేను పోయాను. పోయినదానివి మాటలేంటని అడగకండి. బతికున్నన్నాళ్లూ నా పని వెలగడం. ఆ పనిలో ఉండగా కబుర్లు చెప్పే తీరిక ఎక్కడిది? ఇప్పుడు కాస్త ఖాళీ దొరికింది.

నేను పుట్టిన కార్ఖానాలో ఆడవాళ్లు బల్లల ముందు వరుసగా కూర్చుని, పట్టకారుతో తీగలు బిగించేవారు. నా తీగ బిగించిన ఆవిడ ఆ సమయంలో పక్కావిడకి తన తోడికోడలి సంగతి చెబుతోంది. ఆ చెప్పే కోపంలో మిగతావాటికన్నా నన్ను కాస్త గట్టిగానే బిగించింది. నాతో పుట్టినవి చాలావరకు నాకన్నా ముందే రాలిపోయాయి. నేను ఇన్నేళ్లు వెలిగానంటే ఎవరో ముక్కూ మొహం తెలియని ఆ తోడికోడలి చలవే.

అక్కణ్ణుంచి కాకినాడలో ఓ స్పేరు పార్టుల కొట్టు సొరుగులోకి, ఆ సొరుగులోంచి ఓ ప్లీడరుగారి కారు కప్పులోకి చేరాను. ప్లీడరుగారు కోర్టు ఆవరణలో కారాపి, తలుపులు బిగించుకుని, నన్ను వెలిగించి, కోర్టులో చెప్పాల్సిన అబద్ధాలు సాక్షుల చేత వల్లింపజేసేవారు. నా వెలుగులో అందరికీ పాఠం బ్రహ్మాండంగా వచ్చేది. మెట్లెక్కాక సగం మర్చిపోయేవాళ్లు. మధ్యాహ్నం తిరిగొచ్చి నా కిందే తిట్లు తినేవాళ్లు. మనుషులకి నిజం గుర్తుపెట్టుకోవడం తేలికనుకుంటాను, అయినా ఎందుకో ఎప్పుడూ అబద్ధం మీదే మోజు.

ప్లీడరుగారికి ముసలితనం వచ్చాక కారుకీ వచ్చింది. దాన్ని మండపేటలో ఉండే పెంకే భాస్కరం కొన్నాడు. పెళ్లిళ్లకి అద్దెకి తిప్పడం అతని వ్యాపారం. తెల్లరంగు వేయించి, సీట్లకి ఎర్ర మఖమలు కుట్టించి, కారుని పెళ్లికొడుకులా తయారుచేశాడు. నా మూత మీద మాత్రం దుమ్ము కూడా తుడవలేదు. అప్పటికి నాకింకా మహిమ రాలేదు కదా.

ఆ మహిమ ఎలా వచ్చిందో చెబుతాను. అతని కారులో ఊరేగిన మొదటి జంటకి ఏడాది తిరక్కుండా కవల పిల్లలు పుట్టారు. పుట్టించింది కారేనని ఊరు తేల్చేసింది. రెండో జంటలో పెళ్లికొడుక్కి సర్కారు ఉద్యోగం వచ్చింది. అతను నిద్ర మానుకుని ఎన్ని పరీక్షలు రాశాడో ఎవరికి కావాలి? అది కూడా కారు ఖాతాలోకే పోయింది. ఆ కారులో ఊరేగిన ఆడపిల్లలు పుట్టింటికి పోయి మళ్లీ అత్తారి గడప తొక్కని సందర్భాలూ ఉన్నాయి, నేను విన్నాను. వాళ్లు ఏ కారులో ఊరేగారో మాత్రం ఊళ్లో ఒక్కరికీ గుర్తుండదు.

ఊరేగింపంటే నా ఒంటికి తెగులు. మామూలు కార్లలో లోపలి దీపం వెలిగేది కాసేపే. పెళ్లికారులో అలా కుదరదు. పెళ్లికూతురు అందరికీ కనపడాలి. ఆమె కనపడకపోయినా ఆమె హారం కనపడాలి. అందుకని బయల్దేరింది మొదలు గుమ్మం చేరేదాకా నన్ను ఆర్పరు. బ్యాండువాళ్లు ప్రతి చుట్టాలింటి ముందూ ఆగుతారు, ఆ ఇంటి ఆడవాళ్లు కిటికీలోంచి తలలు దూర్చి చీర అంచు పట్టుకుని చూస్తారు, పైన నేను మండుతూ ఉంటాను. మూత లోపల పురుగులు కాలి చస్తుంటాయి.

భాస్కరం తెలివైనవాడు. మహిమ కారంతా పరుచుకుని ఉంటే కంటికి ఆనదని గ్రహించి, దాన్ని తెచ్చి నాకు అంటగట్టాడు. "దీపం ఎలుగుతానే ఉండాలండి. ఈ దీపం కింద కూర్చున్న జంట ఇప్పటిదాకా ఇడిపోలేదండి, ఆయ్!" అని బేరానికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు. ప్రతి శుక్రవారం నా మూతకి పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. వెలుగివ్వడానికి పెట్టిన దీపానికి వెలుగు అడ్డుపడేలా బొట్టు పెట్టడం ఏం భక్తో నాకు అర్థమయ్యేది కాదు. రాన్రానూ పెళ్లికూతుళ్లంతా కామెర్లొచ్చినట్టు కనపడేవారు.

బల్బుకి ముసలితనం ఎలా వస్తుందో తెలుసా? తీగ కొంచెం కొంచెంగా ఆవిరైపోయి, గాజు లోపల మసిలా పడుతుంది. చివరలు నల్లబడ్డాయంటే ఇక రోజులు దగ్గరపడ్డట్టే. నాకలాగే అయింది. హైమ అనే పిల్ల పెళ్లిరోజు పొద్దున, పురుగులు దులపడానికి భాస్కరం మూత తీశాడు. నన్ను చూశాడు. మొహం చిట్లించాడు. ముందు సీటు ఎదుట ఉన్న డాష్‌బోర్డు అరలోంచి అట్టపెట్టెలో ఉన్న కొత్త బల్బు తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను సంతోషించాను. చాలించుకుందామనే నాకూ ఉంది.

"కలిసొచ్చిన దీపం. ఎలా తీసేత్తాం?" అని తనకి తనే చెప్పుకున్నాడు. కొత్తదాన్ని మళ్లీ అరలో పడేసి, నా మీద మూత బిగించి, ఆ రోజు శుక్రవారం కాకపోయినా బొట్టు పెట్టాడు. నాకు దణ్ణం పెట్టేవాడున్నాడు గానీ నన్ను మార్చేవాడు లేడు.

పెళ్లి రామచంద్రపురంలో, పెళ్లికూతురింటి దగ్గర పొద్దునే అయిపోయింది. సాయంత్రానికి మండపేటలో గృహప్రవేశం. వెనక సీట్లో కొత్త దంపతులు. హైమ మనిషి సన్నగా ఉంటుంది, చూపు మాత్రం దేన్నైనా తేల్చుకునే రకం. పక్కన ప్రసన్నకుమార్. మంచివాడు. ఎంత మంచివాడంటే ఎవరికీ ఏమీ చెప్పలేడు. పట్టుపంచెకి జేబుండదు కాబట్టి కారెక్కే ముందు తన ఫోను డాష్‌బోర్డు అరలో పెట్టాడు. హైమ పుట్టింటివాళ్లు ఎక్కిన బస్సు టైరు పగిలి దారిలో ఆగిపోయింది. కాబట్టి అత్తారి వీధిలోకి వచ్చేసరికి ఆ పిల్ల వైపు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

వీధి మొదట్లో బ్యాండు అందుకుంది. నేను ఆయాసపడుతూనే వెలిగాను. ఆ ఇంట్లో పెత్తనం ప్రసన్న మేనత్త సుబ్బరత్నానిది. ప్రసన్న తల్లి కాపురానికొచ్చిన రోజు నుంచీ ఆడపడుచు మాటకి ఎదురు చెప్పి ఎరగదు. కారు గుమ్మం ముందు ఆగింది. సుబ్బరత్నం హారతి పళ్లెం పట్టుకుని ముందుకొచ్చింది. ఆడవాళ్లందరూ వంగారు. సరిగ్గా అప్పుడు నా తీగ తెగింది.

ఒక్క మెరుపు మెరిసి పోయాను. కారు లోపల చీకటి. బయట ఇంకా ఆకాశం ఎర్రగానే ఉంది గానీ, పెళ్లికూతురి మొహం మాత్రం ఎవరికీ కనపడలేదు. బ్యాండు ఒక్కొక్క వాయిద్యంగా ఆగిపోయింది.

"అయ్యో, దీపం కొండెక్కిపోయిందే!" అంది సుబ్బరత్నం.

నేను ఏ కొండా ఎక్కలేదు. కారు కప్పులో ఉన్నచోటే ఉన్నాను.

"సందేళ, గుమ్మం ముందర, హారతి ఇత్తండగా! పిల్ల ఇంకా కాలు కిందెట్టనేలేదు! నేను ముందే మొత్తుకున్నాను, జాతకాలు ఇంకోచోట కూడా సూపించండర్రా అని. నా మాట ఎవరిన్నారు?"

అందరూ భాస్కరం వైపు తిరిగారు. ఒక్క మాట చెబితే సరిపోయేది. పాత బల్బండి, పోయింది, కొత్తది వేస్తాను, అంతే. కానీ ఆ మాట చెబితే దీపం ఉత్త బల్బయిపోతుంది, కారు ఉత్త కారయిపోతుంది. అతను రెండు చేతులూ జోడించాడు.

"నా కారులో ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా అవ్వలేదండి. ఎంతమంది పెళ్లికూతుళ్లు ఎక్కారండి! మరి ఈవేళే ఎందుకయ్యిందో ఆ దేవుడికే తెలియాలండి."

నాకు ఒళ్లు మండింది. పొద్దున నా నల్లబడ్డ చివరలు చూసినవాడు అతనే. దేవుడికి తెలియాల్సినంత రహస్యం అందులో ఏముంది? కారుని కాపాడుకోవడానికి నిందని ఎంత సుతారంగా వెనక సీట్లోకి జరిపేశాడో చూడండి. ఇన్నాళ్లూ అతని చేత బొట్టు పెట్టించుకున్నందుకు సిగ్గేసింది.

ఆ తర్వాత మొదలైంది తంతు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి కారు ముందుకి నడిపించారు. వెనక్కి నడిపించాలని ఓ బాబాయి అన్నాడు. మళ్లీ నిమ్మకాయలు తెచ్చి వెనక్కి నడిపించారు. కొబ్బరికాయ కొట్టారు. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కారు చుట్టూ తిప్పి, నేలకేసి బద్దలు కొడితే ఓ ముక్క ఎగిరి సన్నాయి ఊదేవాడి ఒళ్లో పడింది. పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు దిగదుడిచారు. నలుగురు మనుషులు, ఓ బుట్టెడు కాయలు, బోలెడంత భక్తి. ఒక్కరూ తలెత్తి నా వంక చూడలేదు.

ఇన్ని చేసినా నేను వెలగకపోయేసరికి సుబ్బరత్నం పంతులుగారికి ఫోను చేయించింది. ఆయన ఇంకో పెళ్లిలో, ఇంకో బ్యాండు పక్కన ఉన్నారు. సగం వినపడి, సగం వినపడక, దీపం పోయిందంటే ఏ దీపమో ఏమిటో అడగకుండా, "ఈ రాత్రికి పిల్లని గడప దాటించకండి, రేపు చూద్దాం" అని పెట్టేశారు.

"ఇన్నారా? కారు తిప్పండి. రామచంద్రపురమే తీసుకెళ్లి దింపేయండి. మంచి ఘడియ కుదిరాక కబురు చేద్దాం," అంది సుబ్బరత్నం.

లోపల హైమ ఇదంతా వింటోంది. అంతవరకూ నెమ్మదిగానే ఉంది. 'తిప్పండి' అన్న మాటకి మాత్రం ఆమె చేతుల్లో గాజులు కదిలాయి. భయం కాదూ మరి? గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయిన కోడలని ఒకసారి పేరు పడితే, ఆ ఊళ్లో ఆ పేరు ఆమెతోనే ముసలిదవుతుంది. ఇంట్లో పాలు విరిగినా, గేదె ఈనకపోయినా, ఎవరో జారిపడినా ముందుగా ఆమె మొహమే చూస్తారు. నాలో ఇంకొక్క నిమిషం వెలుగు మిగిలి ఉంటే ఆ పిల్లకి ఇచ్చేసేదాన్ని. నిజంగా చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు ఏడుపొచ్చింది.

"బల్బు పోయిందండి. అంతే కదా," అంది భర్తతో. "చెప్పండి మీ అత్తయ్యకి."

"ఇప్పుడా?" అన్నాడు ప్రసన్న.

"ఇంకెప్పుడు?"

"కాస్త చల్లారనీ. అత్త కోపంలో ఉంది."

హైమ కిటికీలోంచి తల బయట పెట్టి భాస్కరాన్ని పిలిచింది. "బాబాయిగారూ, ఇంకో బల్బుందాండి?"

"లేదమ్మా," అన్నాడు భాస్కరం. అంత చప్పున అబద్ధం చెప్పినవాణ్ణి నేను ప్లీడరుగారి సాక్షుల్లో కూడా చూడలేదు.

హైమ తల లోపలికి తీసుకుంది. "మీ ఫోనివ్వండి. లైటేసి చూస్తాను." ప్రసన్న ముందు సీటు మీదుగా వంగి, అర తెరిచి, ఫోను తీసి ఆమెకిచ్చాడు. ఆమె లైటు వేసింది. ఆ వెలుగు తిన్నగా వెళ్లి తెరిచిన అరలో, అట్టపెట్టె మీద పడింది. పెట్టె మీద నాలాంటిదాని బొమ్మే ఉంది.

"ఇదిందులో ఉందని మీకు తెలుసా?"

ప్రసన్న ఉత్తరీయం సర్దుకున్నాడు. "ఫోను పెట్టినప్పుడు చూశాను."

"మరి చెప్పలేదేం?"

"భాస్కరం గారు లేదంటున్నారు కదా. పెద్దాయన మాట మధ్యలో..."

హైమ ఇంకేమీ అనలేదు. మనిషి ఏమీ అనకుండా ఉండటంలో రెండు రకాలుంటాయి. అతనిది ఒకటి, ఆమెది ఇంకొకటి. పెట్టె అందుకుని, ఫోను అతని చేతికిచ్చి, "పైకి పట్టుకోండి" అంది. అతను పట్టుకున్నాడు. చెప్పిన పని బాగానే చేస్తాడు.

పెళ్లికూతురి తలలో ఉన్నన్ని పిన్నులు మెకానిక్ షెడ్డులో కూడా ఉండవు. ఒకటి పీకి, మూత అంచున దూర్చి ఎత్తింది. పసుపు పెళ్లలు, చచ్చిన పురుగులు ఆమె పట్టుచీర మీద రాలాయి. స్విచ్చు ఆర్పింది. అప్పుడు నన్ను రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. ఇన్నేళ్ల కాపురం, ఊరికే ఊడొస్తానా? నన్ను పట్టి ఉంచే రెండు రేకుల్లో ఒకటి మొండికేసింది. మళ్లీ లాగింది. గోరు విరిగింది. నేను ఆమె అరచేతిలో పడ్డాను. వెలుగుకి ఎదురుగా పెట్టి నా లోపలికి చూసింది. తెగిన తీగ అటొక ముక్క, ఇటొక ముక్క వేలాడుతోంది. నన్ను ఆ మాత్రం శ్రద్ధగా చూసిన మొదటి మనిషి ఆమె.

కొత్తదాన్ని పెట్టి స్విచ్చు వేసింది. వెలగలేదు. బయట ఎవరో "చూశారా, కొత్తదైనా అంతే!" అన్నారు. హైమ పెదవి కొరుక్కుంది. నేను పిడికిట్లోంచే అరుద్దామనుకున్నాను, రేకు వదులైందమ్మా, పట్టు చాలడం లేదు, కాస్త లోపలికి వంచు అని. నేను చెప్పకపోయినా ఆమె ఆ రేకుని పిన్నుతో తాకి చూసి, వదులుగా ఆడుతోందని పోల్చుకుని, లోపలికి వంచి, బల్బుని మళ్లీ నొక్కింది.

కారంతా తెల్లగా వెలిగింది. అడ్డం పడే పసుపు లేదు, బొట్టు లేదు. బొట్టు మొదలయ్యాక ఆ కారులో పెళ్లికూతురు తన సొంత రంగులో కనపడటం అదే మొదలు.

ఇప్పుడు అందరూ నిజం తెలుసుకుని ఉంటారనుకుంటున్నారా? భలేవారే. గుమ్మడికాయ కొట్టిన బాబాయి, "చెప్పానా, కాస్త ఆలస్యంగా పనిచేసుద్ది!" అన్నాడు. ఎర్రనీళ్లు దిగదుడిచినావిడ, "కాదు, నీళ్లే పనిచేశాయి," అంది. భాస్కరం కారుకి దణ్ణం పెట్టి, "దీపం మళ్లీ లేచిందండి!" అని కళ్లు తుడుచుకున్నాడు. అట్టపెట్టె సంగతి అడిగితే, "ఉందా? మర్చేపోయానమ్మా" అన్నాడు. ఇక సుబ్బరత్నం రెండడుగులు ముందుకొచ్చి హారతి పళ్లెం మళ్లీ ఎత్తింది.

"పిల్ల చెయ్యి మంచిదే. ముట్టుకోగానే ఎలిగింది."

"చెయ్యి కాదండి, బల్బు మార్చాను," అంది హైమ. బ్యాండు అప్పుడే అందుకోవడంతో ఆ మాట ఎవరికీ వినపడలేదు. వినపడినా వినరు. ఇందాక నా వల్ల చెడ్డదైన పిల్ల, ఇప్పుడు ఇంకో బల్బు వల్ల మంచిదైంది. రేపు ఆ బల్బూ పోతుంది కదా, అప్పుడేంటి? ఈ లెక్కలో ఆమెకి ఎప్పటికీ నెమ్మది లేదు. అది ఆమెకి కూడా అర్థమైంది. పిడికిలి బిగుసుకుంది, లోపల ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

కారు దిగారు. గడప మీద ఆడపడుచులు చేతులు అడ్డుపెట్టి నిలబడ్డారు. పేర్లు చెబితేగానీ లోపలికి పోనివ్వరు. కొత్త జంటని సిగ్గుపడేలా చేసి నవ్వుకోవడం అక్కడి ముచ్చట. ప్రసన్న వంతు ముందొచ్చింది. "నేను ప్రసన్నకుమార్ని. మా ఆవిడ హైమావతితో వచ్చాను," అని గబగబా అప్పజెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు నువ్వు చెప్పు వదినా, గట్టిగా చెప్పాలి!"

హైమ గట్టిగానే చెప్పింది. "నేను హైమావతిని. బల్బు మార్చుకుని వచ్చాను. కొత్త బల్బుందని తెలిసి కూడా నోరెత్తని మా ఆయన ప్రసన్నకుమార్ గారితో వచ్చాను."

ఆడపడుచుల చేతులు గడప మీదే ఉండిపోయాయి. సుబ్బరత్నం, "ఏంటంటది?" అంది. వెనక నుంచి ఓ నవ్వు వినపడింది. ప్రసన్న తల్లి. కొంగు నోట్లో కుక్కుకుంది గానీ ఆగలేదు. ఎన్నేళ్లుగా దాచుకున్న నవ్వో, ఒళ్లంతా ఊగిపోయింది. ఆమె ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వడం గడప మీది పిల్లలు కూడా ఎప్పుడూ చూడలేదట.

ప్రసన్న చెవులు ఎర్రబడ్డాయి. తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు. "బల్బే పోయిందత్తా," అన్నాడు. "ఇంకేం లేదు. ఇందాకే చెప్పాల్సింది." వెలుగొచ్చాక చెప్పడం పెద్ద ఘనకార్యమేమీ కాదు. కానీ సుబ్బరత్నం మొహం మీదే చెప్పాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆవిడ ఏదో అనబోయింది. "అడ్డు లెండర్రా," అంది ప్రసన్న తల్లి, ఇంకా కళ్లు తుడుచుకుంటూనే. "రామ్మా. కుడికాలు పెట్టి రా." హైమ కుడికాలితో బియ్యం చెంబుని తోసి లోపలికి నడిచింది.

మర్నాడు పొద్దున్నే భాస్కరం వచ్చాడు. చేతిలో చిన్న గాజుపెట్టె, ఎర్రదారం. పోయిన దీపాన్ని ఇస్తే పెట్టెలో పెట్టి, కారు అద్దానికి కట్టుకుంటాడట. చచ్చి బతికిన దీపమని చెప్పుకోవచ్చు కదా. అతని మొహంలో కొత్త బేరాల కళ కనపడుతోంది.

"చెత్తబుట్టలో వేశానండి," అంది హైమ.

భాస్కరం గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "కలిసొచ్చిన దీపం తల్లీ! అలా పారేత్తారా?"

"కాలిపోయిన బల్బండి బాబాయిగారూ. కొత్తదానికి మాత్రం పసుపు రాయకండి, వెలుగు రాదు."

అతను బుట్ట వైపు ఓ అడుగు వేశాడు. ఆమె అతని వంకే చూస్తూ నిలబడింది. అతను వెనక్కి తిరిగాడు.

అలా నేను ఇక్కడున్నాను, నలిగిన మల్లెపూలకీ కొబ్బరి చిప్పలకీ మధ్య. కాసేపట్లో మునిసిపాలిటీ బండి వస్తుంది. ఇక్కడ నాకు ఎవరూ బొట్టు పెట్టరు, నా పేరు చెప్పి ఏ ఆడపిల్లనీ గుమ్మం ముందు నిలబెట్టరు. కోర్టులో, పెళ్లిలో, ఊరేగింపులో ఇంతమంది కింద వెలిగాను కదా, నన్ను బల్బని పిలిచి, బల్బుకి చెయ్యాల్సింది చేసిన మనిషి ఆమె ఒక్కతే.